కుందేళ్ల పోషణము: వాని ఆహారము, ఆరోగ్యము

గడచిన జూలై నెలలో నొకనాటి ఉదయమున, మొదటి గంట మ్రోగకముందే, ఏడవ తరగతి బాలుడొకడు వెదురుబుట్టను చంకనిడుకొని ఉపాధ్యాయుల గది వాకిట నిలిచియుండెను. బుట్టపై తువాలు కప్పియుండెను. “మాస్టారండీ! నిన్న ఉదయమునుండి ఇది యేమియు తినుట లేదండి. తినుటకు వచ్చును, నోటబెట్టుకొనును, మరల విడిచిపెట్టునండి” అనుచు తువాలు తొలగించెను. లోపల తెల్లని కుందేలు ముడుచుకొని కూర్చుండియుండెను. దాని గడ్డము క్రింది వెండ్రుకలు చొంగతో తడిసి అట్టలు గట్టియుండెను.

ఏమి పెట్టుచుంటివని యడిగితిని. దినమునకు రెండు క్యారెట్లు, తన పాలలోనికి తల్లి యిచ్చు బిస్కత్తులలో రెండు, అప్పుడప్పుడు గుప్పెడు అటుకులు పెట్టుచుంటినని వాడు గర్వముగనే చెప్పెను. గడ్డి పెట్టితివా యనగా, “గడ్డి ఆవులకు గదండీ!” అనెను. నాకు నవ్వు వచ్చినది గాని ఆ బాలుని తప్పేమున్నది? బొమ్మల పుస్తకములలో ఎచ్చట చూచినను కుందేలు క్యారెట్టు పట్టుకొనియే కనబడును. గడ్డి తినుచున్న కుందేలి బొమ్మను వాడెన్నడును చూచియుండడు. ఇట్లు ప్రేమతోనే కుందేళ్లను చంపుకొను బాలురు మన పాఠశాలలో నింక ఎందఱు గలరో యని తోచి యీ వ్యాసము వ్రాయ బూనితిని.

ముందుగా ఈ జంతు వెట్టిదో తెలిసికొనవలెను. మన పొలములలో చెవులపిల్లి యని పిలువబడు అడవికుందేలు వేఱు, ఇండ్లలో పెంచు కుందేలు వేఱు. ఇంటికుందేలికి మూలము స్పెయిను, పోర్చుగల్ ప్రాంతపు కుందేలు. అది నేలలో బొరియలు త్రవ్వుకొని గుంపులుగా నివసించు జాతి. మన చెవులపిల్లి బొరియ త్రవ్వదు. గడ్డి చాటున ఒంటరిగా పొంచియుండును. దాని పిల్లలు పుట్టునప్పటికే ఒడలినిండ వెండ్రుకలతో, తెఱచిన కన్నులతో నుండును. ఇంటికుందేలి పిల్లలో, ఎఱ్ఱని మాంసపు ముద్దలవలె వెండ్రుకలు లేక పుట్టి, సుమారు పది దినములకు గాని కన్నులు తెఱవవు. ఈ రెండింటికిని సంతానము కలుగదు. చెవులపిల్లిని పట్టి తెచ్చి పెంచుట 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధమని బాలురు గుర్తుంచుకొనవలెను. పొలమున దాని పిల్ల ఒంటరిగా కనబడినయెడల తల్లి విడిచిపోయినదని తలంచి యెత్తి తేరాదు. తల్లి సంధ్యవేళ వచ్చి పాలిచ్చిపోవును.

కుందేలును ఎలుకకు చుట్టమని పెక్కుమంది తలంతురు. శాస్త్రజ్ఞులును చిరకాలము అట్లే తలంచిరి. కాని 1912వ సంవత్సరమున గిడ్లీ యను అమెరికా పండితుడు దీనిని వేఱు వర్గమున జేర్చవలెనని నిరూపించెను. అందుకు సాక్ష్యము దాని నోటిలోనే యున్నది. కుందేలి పైదవడను ముందున కనబడు రెండు పెద్ద దంతములకు వెనుక మఱి రెండు చిన్న దంతము లణగి యుండును. ఎలుకకు అవి లేవు. కుందేలికి మొత్తము 28 దంతములు. ఇవి అన్నియు జీవితాంతము పెరుగుచునే యుండును. ముందు దంతములు వారమునకు సుమారు 2, 3 మిల్లీమీటర్లు పెరుగును. అట్లయిన నోరు పట్టునా? పట్టదు. కావున పెరిగినంతయు అరిగిపోవలెను. గట్టి పీచుగల గడ్డిని గంటలకొలది అటునిటు నూరుటచేతనే దవడదంతము లరుగును. క్యారెట్టును బిస్కత్తును రెండు కొఱుకులలో మింగివేయును గాన వానిచే దంతము లరుగవు.

మన బాలుని కుందేలికి జరిగిన దిదియే. ఆ మధ్యాహ్నమే పశువైద్యునియొద్దకు గొనిపోగా, ఆయన దీపముగల చిన్న గొట్టముతో నోరు పరీక్షించి, క్రింది దవడదంతముల అంచులు ముండ్లవలె లోపలికి పెరిగి నాలుకను కోయుచున్నవని చూపించెను. ఆకలి యున్నది, నోరు మాత్రము పుండు. మత్తుమం దిచ్చి ఆ ముండ్లను అరగదీసెను. మత్తుమందునకు ముందు మనుష్యులను పస్తుంచుదురు గదా. కుందేలును అట్లు పస్తుంచ నక్కఱలేదని అచ్చటనే తెలిసికొంటిని. కుందేలు వాంతి చేసికొనలేదు; పస్తు దానికి మేలు చేయకపోగా కీడు చేయును. ఇంటియొద్ద గోళ్లు తీయు కత్తెరతో దంతములను కత్తిరింతు రని వింటిని. అట్లు చేసిన దంతము నిలువున చీలి, కుదురు చీముపట్టును. అది వైద్యుని పని.

దంతములను దాటి లోపలికి పోయిన నింకను విచిత్రమైన సంగతి కలదు. ఆవునకు నాలుగు అరల కడుపున్నది, తిన్నదానిని నెమరువేయును. కుందేలి కడుపు ఒకే సంచి. కాని చిన్నప్రేవులును పెద్దప్రేవులును కలియుచోట అంధనాళమను పెద్ద తిత్తి యున్నది. కోట్లకొలది సూక్ష్మజీవులు అందు కాపురముండి పిండిచేసిన ఆకును పులియబెట్టును. జీర్ణముగాని ముదురు పీచు నేరుగ బయటికి పోయి గుండ్రని పొడి పెంటికలగును. మెత్తని సారము వెనుకకు మరలి అంధనాళమున జేరి, పులిసి, మాంసకృత్తులతోను బి, కె విటమినులతోను గూడిన మెత్తని గుళికలై, చిన్న ద్రాక్షగుత్తివలె బయటికి వచ్చును. కుందేలు విశ్రమించు వేళ వంగి, ఆ గుత్తిని నేలబడనీయక తిన్నగా నోటితో గ్రహించి మింగును. దీనిని చూచి అసహ్యించుకొని కొట్టిన బాలుని నేనెఱుగుదును. అది దురభ్యాసము గాదు. ఆవు నెమరువేయుట వంటిదే. దాని కడ్డువచ్చినచో కుందేలు క్రమముగా క్షీణించును.

ఆ తిత్తిలోని సూక్ష్మజీవులే కుందేలి ప్రాణమని చెప్పవచ్చును. వానికి పీచు కావలెను. పిండిపదార్థమును తీపియు మితిమీరినచో మంచిజీవులు తగ్గి విషమును బుట్టించు చెడుజీవులు పెరుగును. ప్రేవుల కదలికకును పీచే కారణము. పీచు తగ్గిన ప్రేవులు మందగించును. కావున కుందేలి ఆహారమున ఇంచుమించు అయిదింట నాలుగుపాళ్లు గడ్డియే యుండవలెను. పచ్చిదైనను ఎండినదైనను సరే, రేయింబవళ్లు దానిముందు తఱుగకుండ నుంచవలెను. మన ప్రాంతమున గరికకు మించిన దానము లేదు. అది రోడ్డుప్రక్కన గాక, మందు చల్లని చోట, కుక్కలు తిరుగని చోట కోయవలెను. కోసిన పచ్చగడ్డిని కుప్పబోసి వేడెక్కనిచ్చి పెట్టరాదు. వర్షాకాలమునకై వేసవికి ముందే గరికను, చెంగలి వంటి మెత్తని గడ్డిని నీడను ఆరబెట్టి దాచుకొన్నయెడల మేలు. ఆరిన గడ్డి పచ్చని చాయతో కమ్మని వాసన గలిగి యుండవలెను; బూజు వాసన కొట్టిన దానిని పాఱవేయవలెను. ఎండు వరిగడ్డి క్రింద పఱచుటకు మంచిదే గాని సారము తక్కువ గాన దానినే ఆహారముగ నమ్ముకొనరాదు.

గడ్డి తరువాత ఆకులు. దశరథగడ్డి, పిల్లిపెసర, కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకు, క్యారెట్టు ఆకు, మందార ఆకు, అవిసె ఆకు వీనిలో దినమునకు రెండు మూడు రకములు కలిపి, రెండు కిలోల కుందేలికి రెండు గుప్పిళ్లు పెట్టవచ్చును. క్యారెట్టు దుంపకంటె దాని ఆకే కుందేలికి మేలనిన మా యింట నెవ్వరును నమ్మలేదు! మునగాకును లూసర్ను గడ్డియు బలమైనవే గాని సున్న మెక్కువగలవి. కుందేలు తిన్న సున్నమును ఇంచుమించు అంతయు రక్తమున గ్రహించి, మిగిలినదానిని మూత్రమున విడుచును. అందుచేతనే దాని మూత్రము సహజముగనే తెల్లగా మడ్డిగా నుండును. ఎదుగు పిల్లలకును పాలిచ్చు తల్లికిని అవి తగును. పెద్దవానికి మితముగ నీయవలెను, లేనిచో మూత్రాశయమున సున్నపు మడ్డి పేరుకొనును. ఒక్కొక్కప్పుడు కొన్ని ఆకుల రంగుచే మూత్రము ఎఱ్ఱగా వచ్చును. దానినిచూచి రక్తమని వెంటనే బెదరనక్కఱలేదు గాని, ఆకులు మార్చినను ఎఱుపు పోనియెడల వైద్యునికి చూపవలెను. పాలకూర, తోటకూర అప్పుడప్పుడు కొద్దిగా. సుబాబులు ఆకు ఎక్కువైన వెండ్రుకలు రాలును. క్యాబేజి కొన్నిటికి కడుపుబ్బరము కలిగించును.

అంగడిలో దొరకు గుళికల దాణా కిలో బరువునకు దినమునకు 25 గ్రాములు మించరాదు. గిన్నెనిండ పోసి యుంచినచో కుందేలు గడ్డి మాని దానినే తినును. బాలురు మిఠాయియుండగా అన్నము తినుదురా? క్యారెట్టు, అరటి, జామ వంటివి బొటనవ్రేలి గోరంత ముక్క, వారమునకు రెండుమాఱులు చాలును. అన్నము, రొట్టె, బిస్కత్తు, అటుకులు, ధాన్యము, పాలు వలదు. నీరుల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప మొలకలు, టొమాటో ఆకు, చాక్లెట్టు, గన్నేరు, ఉమ్మెత్త, ఆముదపు ఆకు, లంటానా వీనిని దరిచేరనీయరాదు. వాంతి చేసికొనలేని జంతువు గదా, ఒకసారి మింగిన విషమును బయటబెట్టు దారి దానికి లేదు. ఏ క్రొత్త ఆహారమునైనను పది దినములలో మెల్లగా అలవాటు చేయవలెను. సంతలో కొన్న పిల్లలు మూడవనాడే చచ్చుటకు ముఖ్యకారణములలో నొకటి ఈ తొందరయే. రెండవది, ఆఱువారములు నిండకమున్నే తల్లినుండి విడదీసి అమ్ముట. మూడు పిడికెళ్ల ముద్దుపిల్లను చూచి మురిసి కొనువారు దాని వయస్సు నడుగవలెను.

నీటి సంగతి. రెండు కిలోల కుందేలికి సుమారు 200 మిల్లీలీటర్ల నీరు దినమునకు కావలెను. ఎండలలో ఇంకను ఎక్కువ. గొట్టపు సీసాకంటె బరువైన మట్టిమూకుడు మేలు. అది ఒరుగదు, నీరు చల్లగా నుండును, కుందేలు తలవంచి సహజముగ త్రాగును. దినమునకు రెండుసార్లు కడిగి నింపవలెను.

ఇక వేసవి. చలిని కుందేలు తట్టుకొనును గాని వేడిని తట్టుకొనలేదు. దాని శరీరపు సహజోష్ణత 38.5 మొదలు 40 డిగ్రీల వరకు. మనవలె చెమటపట్టి చల్లబడు శక్తి దానికి లేదు. వెడల్పైన చెవులలోని రక్తనాళములగుండ వేడిని గాలిలో విడుచుటయే దాని ముఖ్యోపాయము. గాలియే 40 డిగ్రీలున్నప్పుడు చెవులేమి చేయగలవు? 30 డిగ్రీలు దాటినది మొదలు జాగ్రత్తపడవలెను. మన మండలములలో అది సంవత్సరమున సగము దినములు. రేకుల కప్పు క్రింద బోనుంచుట చంపుటయే. తాటాకు కప్పు, చెట్టునీడ, చుట్టును తడిపిన గోనెపట్టాలు, గాలి యాడు చోటు కావలెను. సీసాలో నీరు గడ్డకట్టించి గుడ్డచుట్టి ప్రక్కనుంచిన దానినానుకొని పండుకొనును. నోరు తెఱచి యొగర్చుచు, చెవులు కాలుచు, సోలియున్నచో వెంటనే నీడకు జేర్చి చెవులను చల్లని తడిగుడ్డతో తుడుచుచు వైద్యునియొద్దకు గొనిపోవలెను. మంచునీట ముంచరాదు, ఆ యదరుపాటుకే ప్రాణము పోవచ్చును.

కుందేలు తన రోగమును దాచుకొనును. నక్కకును గ్రద్దకును ఆహారమగు జంతువు గాన, బలహీనతను కనబఱచిన మొదట చచ్చునది తానే యని దాని స్వభావ మెఱుగును. కావున మూల్గుకొఱకు వేచియున్న ఫలము లేదు, పెంటికలను చూడవలెను. ప్రతి యుదయమున బోను ఊడ్చునప్పుడు అవి నిన్నటివలె గుండ్రముగా, పెద్దవిగా, అన్ని యున్నవా యని చూచుటయే నాడి పట్టుట. చిన్నవై, తగ్గి, వెండ్రుకతో దండగ్రుచ్చినట్లున్న ప్రేవులు మందగించుచున్నవని యర్థము. పండ్రెండు గంటలు తినకుండ, పెంటికలు వేయకుండ నున్నచో అది రేపటివరకు ఆగదగిన సంగతి గాదు. కడుపులో వెండ్రుకల ఉండ అడ్డుపడుటచే నిట్లగునని మునుపు తలంచుచుండిరి. నిజమునకు ప్రేవులు ముందు మందగించి, నీరింకిపోయి, ఆ పిమ్మట వెండ్రుకలును ఆహారమును ఉండకట్టునని ఇప్పుడు తెలియుచున్నది. వైద్యుడు నొప్పికి మందిచ్చి, ద్రవము లెక్కించి, పీచుగల పిండిని పలుచగ కలిపి సిరంజితో త్రాగించును. కడుపు డోలువలె బిగిసియున్నచో మాత్రము మనము బలవంతముగ నేమియు త్రాగింపరాదు.

ఇచ్చట నా తప్పు నొకటి చెప్పవలసియున్నది. చాల సంవత్సరముల క్రిందట మా యింట బూడిదవన్నె కుందే లొకటి యుండెను. దాని వెనుకకాలి మడమపై చిన్న చీముగడ్డ లేచెను. మా పిల్లవాని గొంతునొప్పికి వైద్యుడిచ్చిన అమాక్సిసిలిన్ బిళ్లలు కొన్ని మిగిలియుండెను. పిల్లవానికి మేలు చేసినది కుందేలికి కీడు చేయునా యని బిళ్లలో నాలుగవవంతు నూరి బెల్లపు నీటిలో కలిపి మూడుదినము లిచ్చితిని. గడ్డ తగ్గుచున్నదని సంతోషించితిని. నాలుగవనాడు నీళ్లవిరేచనము పట్టెను. అయిదవనాటి తెల్లవారుజామున మా పిల్లవాడే మొదట చూచెను. వాడు నన్నేమియు ననలేదు.

పెన్సిలిన్ కుటుంబపు మందులను, అనగా ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్ మొదలగువానిని, లింకోమైసిన్, క్లిండామైసిన్ అనువానిని నోటిద్వారా ఇచ్చినచో అంధనాళమున కాపురమున్న మంచి సూక్ష్మజీవులు నశించును. ఆ ఖాళీయందు క్లాస్ట్రిడియం జాతి జీవులు విజృంభించి విషము విడుచును. కుందేలు గడ్డచే గాక మందుచేతనే చచ్చును. పశువైద్యులు కుందేళ్లకు తగిన మందులను వేఱుగ ఎన్నుకొందురు. కొన్ని సమయములందు పెన్సిలిన్‌నే సూదిమందుగ ఇత్తురు. ఆ తారతమ్యము మనకు తెలియదు. ఇంటి మందులపెట్టె కుందేలికి గాదు. ఆ గడ్డకును మొదటి కారణము నేనే. ఊడ్చుటకు సులువని తీగవల అడుగుగల బోనులో ఉంచితిని. కుందేలి పాదమునకు కుక్కవలె మెత్త లేదు, వెండ్రుకలే పాన్పు. తీగపై అవి అరిగి చర్మము పుండగును. ఒక చెక్కపలకయో, దళసరి గడ్డిపఱుపో వేసియుండిన సరిపోయెడిది.

గజ్జి మఱియొక తఱుచు రోగము. చెవిలోపల గోధుమవన్నె పొక్కులు పొరలుపొరలుగా పేరుకొని, తల విదిలించుచు గోకికొనుచుండును. అవి మిక్కిలి చిన్న పురుగుల పని. ఆ పొక్కులను పెరికిన మిక్కిలి బాధ. కిరసనాయిలు పూయుట అంతకంటె క్రూరము. వైద్యుడు ఐవర్‌మెక్టిన్ అను మందును బరువునుబట్టి ఇచ్చిన పొక్కులు తమంతట రాలిపోవును. ముక్కుమీదను కాలివ్రేళ్లమీదను లేచు గజ్జి మనుష్యులకును అంటును గాన చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. కుక్కల గోమారులకు వాడు ఫిప్రోనిల్ అను మందు కుందేళ్లను చంపును. అంగడివాడు అన్ని జంతువులకు నొకటే యనినను నమ్మరాదు.

వర్షాకాలమున ఈగలు శత్రువులు. తీపియు దాణాయు ఎక్కువ తిన్న కుందేలు తన మెత్తని గుళికలను తినక వదలును. అవి తోకక్రింద అంటి తడిగా నుండును. ఈగ వచ్చి గ్రుడ్లు పెట్టును. ఒకటి రెండు దినములలో పురుగులు మాంసమును తొలుచును. ఆ కాలమున ఉదయసాయంకాలములు తోకక్రింద చూచుట విధి. పిల్లలకు, ముఖ్యముగ ఒకటి మొదలు మూడు నెలల ప్రాయమున, కాక్సిడియా యను సూక్ష్మజీవులచే విరేచనము పట్టును. బోను పొడిగా నుండి, పెంటికలు మూకుడులో పడకుండ నుంచిన చాలవఱకు తప్పును.

ఎత్తుకొను విధము కొంచెము చెప్పవలెను. చెవులు పట్టి వ్రేలాడదీయుట బాలురలో నింకను పోలేదు. కుందేలి యెముకలు తేలికైనవి, వెనుకకాళ్ల బల మధికము. గాలిలో ఒక్క తన్ను తన్నిన దాని వెన్నెముక అదే విఱిగి వెనుకభాగము చచ్చుపడును. ఒకచేయి ఱొమ్ము క్రింద, మఱియొకటి పిఱుదుల క్రింద నుంచి మన యెదకు హత్తుకొనవలెను. నేలనే కూర్చుండి లాలించుట అన్నిటికంటె మేలు. అది గుంపుజీవి గాన ఒంటరిగ నుంచుట శిక్ష, జత నుంచవలెను. ఆడు మగ జతయైన గర్భము 31 దినములే యని మఱువక, వైద్యునిచే శస్త్రచికిత్స చేయింపవలెను. అట్లు చేసిన ఆడుకుందేలికి ముదిమిలో తఱుచుగ వచ్చు గర్భాశయపు క్యాన్సరును తప్పును. చక్కగ చూచికొనిన ఎనిమిది, పదేండ్లు బ్రతుకు ప్రాణి యిది. ఏడవ తరగతిలో కొన్నవాడు కళాశాల విడుచువఱకు దానికి గడ్డి కోయవలెను.

మన బాలునికి నేను చెప్పిన పని యొకటే: ఆదివారము ఉదయమున కూరల తక్కెడలో కుందేలును తూచి నోటుపుస్తకమున వ్రాయుట. ఎక్కువ తూగిన దాణా తగ్గించును, తక్కువ తూగిన నాయొద్దకు వచ్చును. బుట్టలో వచ్చిననాడు అది 1,450 గ్రాములు. సెప్టెంబరు చివర 1,820. గరిక కోయుటకు ఇప్పుడు వాని చెల్లెలు గూడ వెంట బోవుచున్నదట. బిస్కత్తులు మాత్రము వారిద్దఱే పంచుకొనుచున్నారు.